భయం ఆలస్యంగా ఎందుకు వస్తుంది? మెదడులోని హార్మోన్ గ్రాహకాలపై చిట్టెలుకలు చెప్పిన సంగతులు

2004 డిసెంబర్ 26, ఆదివారం. ఉదయం ఆరున్నర వేళ సుమత్రా తీరంలో వచ్చిన భూకంపానికి అండమాన్ నికోబార్ దీవులు కంపించాయి. ఆ వెంటనే సునామీ విరుచుకుపడింది. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) శివారులోని ప్రోతరాపూర్ వంటి ఊళ్లలో ఆ ఉదయాన్ని మరచిపోనివారు ఎందరో. ఈ దీవుల్లో తెలుగువారు తక్కువేమీ కాదు. 2011 జనగణన ప్రకారం ఇక్కడి జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగే.

సునామీ తర్వాత బెంగళూరులోని నిమ్‌హాన్స్ మానసిక వైద్య బృందాలు ఇక్కడి సహాయ శిబిరాల్లో పనిచేశాయి. సొంత ఊరు వదిలి రావలసి వచ్చినవారిలో మానసిక సమస్యలు ఎక్కువగా కనిపించాయని ఆ వైద్యుల అధ్యయనం తెలిపింది. ఇలాంటి విపత్తుల్లో వైద్యులకు తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ప్రమాదం జరిగిన రోజున నిబ్బరంగా ఉన్న మనిషే కొన్ని వారాలకు నిద్ర పట్టక, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతూ ఆసుపత్రికి రావచ్చు. ముప్పు తప్పిపోయాక భయం పెరగడమేమిటి? ఈ ప్రశ్నకు జవాబు వెతికే శాస్త్రవేత్తలు ప్రయోగశాలల్లో ఎలుకలనూ, చిట్టెలుకలనూ ఆశ్రయించారు.

ప్రమాదం ఎదురవగానే మెదడు అడుగుభాగంలోని హైపోథలామస్ సీఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తుంది. అది పిట్యూటరీ గ్రంథిని, పిట్యూటరీ మరో హార్మోన్ ద్వారా మూత్రపిండాల పైనున్న అడ్రినల్ గ్రంథులను మేల్కొలుపుతాయి. అడ్రినల్ గ్రంథుల నుంచి మనుషుల్లో కార్టిసాల్, ఎలుకల్లో దాదాపు అదే పని చేసే కార్టికోస్టిరోన్ రక్తంలోకి చేరతాయి. ఒత్తిడి హార్మోన్లు అనేది వీటినే. అయితే హార్మోన్ తనంతట తాను ఏ పనీ చేయలేదు. అది తాళంచెవి లాంటిది. కణంలో దానికి తగిన తాళంకప్ప ఉండాలి. దానినే గ్రాహకం అంటారు. గ్రాహకం లేని కణం పక్కనుంచి ఎంత హార్మోన్ పారినా ఫలితం ఉండదు.

మెదడులో ఇలాంటి గ్రాహకాలు ఉన్నాయని 1968లో బ్రూస్ మెక్‌ఈవెన్ బృందం చేసిన ప్రయోగం సూచించింది. రేడియోధార్మిక కార్టికోస్టిరోన్‌ను ఎలుకలకు ఎక్కిస్తే అది జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్‌లో పోగుపడింది. ఒత్తిడి హార్మోన్ పని కండరాలు, కాలేయం దగ్గరే ఆగదనీ, ఆలోచించే భాగం దాకా వస్తుందనీ అప్పుడు తెలిసింది. ఈ హార్మోన్‌కు మెదడులో రెండు రకాల గ్రాహకాలున్నాయని 1980లలో తేలింది. ఒకటి ఖనిజకార్టికాయిడ్ గ్రాహకం. ఇది రెండోదానికన్నా సుమారు పది రెట్లు గట్టిగా హార్మోన్‌ను పట్టుకుంటుంది కాబట్టి మామూలు వేళల్లోనే చాలావరకు నిండి ఉంటుంది. రెండోది గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకం. హార్మోన్ బాగా పెరిగినప్పుడే, అంటే ఒత్తిడి వేళ, ఇది నిండుతుంది. హార్మోన్ పట్టుకోగానే ఈ గ్రాహకం కణకేంద్రకంలోకి వెళ్లి ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఆగాలో మార్చేస్తుంది. ఆ మార్పులు గంటలు, రోజులు నిలుస్తాయి. భయం ఆలస్యం కావడానికి ఒక ఆధారం ఇక్కడ దొరుకుతుంది.

మరి చిట్టెలుకకు భయంగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? దాన్ని అడిగి తెలుసుకోలేం కదా. అందుకే కూడిక గుర్తు ఆకారంలో నేలకు ఎత్తుగా అమర్చిన దారిలో దాన్ని వదులుతారు. రెండు చేతులకు గోడలుంటాయి, రెండింటికి ఉండవు. బెదురు ఎక్కువగా ఉన్న చిట్టెలుక గోడల మధ్యే దాక్కుంటుంది, తక్కువగా ఉన్నది బయటికి వస్తుంది. ఇది ప్రవర్తన కొలతే తప్ప మనోభావాల కొలత కాదు. అందుకే జాగ్రత్తగల పరిశోధకులు 'ఆందోళన' అనరు, 'ఆందోళన వంటి ప్రవర్తన' అంటారు.

1998లో రెండు బృందాలు సీఆర్‌హెచ్ మొదటి రకం గ్రాహకం లేకుండా జన్యుమార్పిడి చేసిన చిట్టెలుకలను తయారుచేశాయి. వాటిలో ఆందోళన వంటి ప్రవర్తన తగ్గింది. ఆ మరుసటి ఏడాది నాడీవ్యవస్థలో గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకం లేని చిట్టెలుకల్లోనూ బెదురు తగ్గినట్టు తేలింది. 2000లో రెండో రకం సీఆర్‌హెచ్ గ్రాహకం వంతు వచ్చింది. మూడు బృందాలు ఒకే పత్రికలో ఫలితాలు ప్రచురించాయి. రెండు బృందాలు ఆందోళన పెరిగిందన్నాయి, మూడోదానికి అది కనిపించలేదు. ఇలాంటి తేడాలు ఈ రంగంలో కొత్త కావు. చిట్టెలుకల జాతి, వాటిని పెంచిన తీరు, పరీక్షించిన పద్ధతి, ఏది మారినా ఫలితం కొంత మారవచ్చు.

అయినా మొదటి రకం గ్రాహకాన్ని మూసేస్తే ఆందోళన, కుంగుబాటు తగ్గుతాయన్న ఆశ బలపడింది. ఔషధ కంపెనీలు దాన్ని అడ్డుకునే మందులను తయారుచేసి రోగులపై పరీక్షించాయి. ఆశించిన ఫలితం రాలేదు. విపత్తు, హింస వంటి అనుభవాల తర్వాత వచ్చే పీటీఎస్‌డీ ఉన్న మహిళలపై జరిపిన పరీక్షలోనూ అలాంటి మందు ఉత్తుత్తి మాత్రను మించలేకపోయింది.

ఎందుకు? మ్యూనిక్‌లోని మాక్స్ ప్లాంక్ మనోవైద్య సంస్థ శాస్త్రవేత్తలు 2011లో ప్రచురించిన ప్రయోగం ఒక కారణాన్ని చూపుతుంది. వారు గ్రాహకాన్ని మెదడంతటా తీసేయలేదు. ఒక్కో రకం నాడీకణంలో మాత్రమే తొలగించారు. ముందు మెదడులో గ్లుటమేట్‌తో పనిచేసే కణాల్లో తీసేస్తే చిట్టెలుకల్లో ఆందోళన తగ్గింది. డోపమైన్ విడుదల చేసే కణాల్లో తీసేస్తే పెరిగింది. హార్మోన్ ఒకటే, గ్రాహకం ఒకటే, ఉన్న చోటు వేరు. మింగిన మాత్ర ఈ తేడాను గుర్తించలేదు. రెండు చోట్లా ఒకేలా మూసేస్తుంది.

ఆలస్యపు భయం సంగతిని నేరుగా పట్టుకున్నది బెంగళూరులోని జాతీయ జీవశాస్త్రాల కేంద్రం (ఎన్‌సీబీఎస్). అక్కడ సుమంత్ర ఛటర్జీ బృందం ఎలుకలను ఒకే ఒక్కసారి, రెండు గంటలపాటు కదలకుండా ఉంచింది. మరుసటి రోజు వాటిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. పది రోజుల తర్వాత మాత్రం భయాన్ని నడిపే అమిగ్డలాలో నాడీకణాల కొమ్మలపై ముళ్లలాంటి కొత్త బుడిపెలు మొలిచాయి. ఈ బుడిపెల దగ్గరే నాడీకణాల మధ్య సంకేతాలు మారతాయి. ఆ సమయానికే ఆందోళన వంటి ప్రవర్తన కూడా పెరిగింది. 2005లో ప్రచురితమైన ఫలితమిది.

2012లో అదే బృందం మరింత విచిత్రమైన సంగతి బయటపెట్టింది. ఒత్తిడికి ముందు ఎలుకలకు కార్టికోస్టిరోన్ ఇస్తే పది రోజుల తర్వాత కొత్త బుడిపెలూ రాలేదు, ఆందోళనా పెరగలేదు. ఒత్తిడి తర్వాత ఇచ్చినా రక్షణ కనిపిస్తుందని 2020లో తెలిపింది. ఒత్తిడి హార్మోనే ఒత్తిడి మిగిల్చే గాయాన్ని అడ్డుకోవడం వింతగానే తోస్తుంది. కానీ తీవ్ర అనారోగ్యంతో ఐసీయూలో చేరి హైడ్రోకార్టిసోన్ పొందినవారిలో పీటీఎస్‌డీ లక్షణాలు తక్కువగా కనిపించాయని వైద్యులు అంతకుముందే గమనించారు. అలాగని ఇది స్టిరాయిడ్ మాత్రలు కొనుక్కుని వేసుకోవడానికి సమర్థన కాదు. మోతాదు, సమయం మారితే అదే హార్మోన్ కీడు చేస్తుంది. వారాల తరబడి అధికంగా ఉన్న కార్టికోస్టిరోన్ ఎలుకల మెదడును దెబ్బతీస్తుంది.

పంజరంలోని ఎలుకకు రెండు గంటల నిర్బంధం ఒకటి, ఇల్లూ అయినవాళ్లూ కొట్టుకుపోయిన మనిషి బాధ మరొకటి. ఎలుకల్లో పది రోజులన్నది మనుషుల్లో ఎన్ని రోజులో ఎవరూ లెక్కకట్టలేరు. పైగా ఈ ప్రయోగాల్లో చాలావరకు మగ ఎలుకలపైనే జరిగాయి. ఒత్తిడి తర్వాత మగ ఎలుకల నాడీకణాలు సీఆర్‌హెచ్ గ్రాహకాలను లోపలికి లాక్కుని తీవ్రతను తగ్గించుకోగా, ఆడ ఎలుకల కణాలు అలా చేయలేదని 2010లో ఒక అమెరికన్ బృందం చూపింది. పీటీఎస్‌డీ మహిళల్లోనే ఎక్కువన్నది తెలిసిందే కాబట్టి ఈ తేడా చిన్నది కాదు.

మానసిక వ్యాధుల్లో ఓడిపోయిన ఆ మందుల్లో ఒకదానికి మాత్రం వేరే ఉపయోగం దొరికింది. కుంగుబాటు చికిత్సకు పనికిరాదని పక్కనపెట్టిన క్రినెసర్‌ఫాంట్ పిట్యూటరీలోని అదే గ్రాహకాన్ని అడ్డుకుంటుంది. పుట్టుకతో అడ్రినల్ గ్రంథుల లోపం ఉన్న పిల్లలు, పెద్దల చికిత్సకు దాన్ని 2024 డిసెంబర్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించింది.