బడిపంతులు తీర్చిదిద్దిన బంగారు జట్టు

అసర్ నమాజుకూ మగ్రిబ్ నమాజుకూ నడుమ దొరికే ఆ కాస్త సమయంలో కరీంనగర్, ఆదిలాబాద్ పట్టణాల ఖాళీ స్థలాలన్నీ పిల్లల కేకలతో నిండిపోతాయి. ఎక్కువమంది చేతుల్లో క్రికెట్ బ్యాట్లే కనిపిస్తాయి. ఎక్కడో ఒక మూల నలుగురైదుగురు పిల్లలు ఫుట్‌బాల్ తన్నుతూ ఉంటారు. గుమ్మంలో నిలిచిన తల్లి పిలుపూ, తండ్రి గద్దింపూ ఒకటే: "ఆట అన్నం పెడుతుందా? లోపలికి వచ్చి చదువుకో!"

చదువుకు ఆట శత్రువన్న అభిప్రాయం మన ఇళ్లలో బలంగా నాటుకుపోయింది. అటువంటి తల్లిదండ్రుల ముందు మేము ఒక బడిపంతులు జీవితాన్ని ఉంచదలిచాము. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో వచ్చిన 'మైదాన్' అనే హిందీ చిత్రం వల్ల ఆ పేరు కొందరికి తెలిసింది. కానీ ఆయన మన హైదరాబాదు వారని, వృత్తిరీత్యా ఉపాధ్యాయులని ఎరిగినవారు తక్కువే.

పాఠశాల నుండి మైదానానికి

రహీం సాహెబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులయ్యారు. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు నిజాం రాజ్యంలో భాగమైన ఆ రోజుల్లో ఇక్కడి యువకులకు కూడా ఉన్నత విద్యాద్వారం ఆ విశ్వవిద్యాలయమే. అక్కడి జట్టులో ఆయన పేరున్న ఆటగాడు. చదువు ముగిశాక కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ పాఠశాల, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలల్లో బోధించారు. ఆ పైన వ్యాయామ విద్యలో డిప్లొమా పొందారు. చదువు ఆయనను ఆటకు దూరం చేయలేదు. ఆటను చదువులా నేర్పే విద్యను ప్రసాదించింది.

ఆయన పద్ధతులను గమనిస్తే ఈ మాట నిజమని తెలుస్తుంది. మన పిల్లలు బంతి దొరికితే చాలు, తామొక్కరే గోలు వరకు తీసుకుపోవాలని చూస్తారు. ఈ అలవాటును మాన్పడానికి రహీం సాహెబ్ డ్రిబ్లింగ్ చేయరాదన్న నియమంతో పోటీలు జరిపించారు. బంతి అందిన వెంటనే తోటివానికి అందించవలసిందే. కుడికాలి వాటం ఉన్నవారు ఎడమకాలితోనే ఆడవలసిన పోటీలు కూడా నడిపారు. బలహీనమైన కాలికి పని చెబితేనే కదా అది బలపడేది! తరగతి గదిలో వెనుకబడిన విద్యార్థిని ముందు వరుసలో కూర్చోబెట్టే గురువు ఆలోచన ఇది.

ఓటమి నేర్పిన పాఠం

1950 నుండి ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షకులయ్యారు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలుచుకుంది. కలకత్తా జట్ల ఆధిపత్యానికి అలవాటుపడిన దేశం హైదరాబాదు వైపు తిరిగి చూసింది. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో ఆయన శిక్షణలోని భారత జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం సాధించింది.

మరుసటి ఏడాదే పరాభవం ఎదురైంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10-1తో ఓడిపోయింది. చలిలో, మనవారిలో పలువురు వట్టికాళ్లతో ఆడిన ఆట అది. ఆ తరువాత మన ఆటగాళ్లు బూట్లు ధరించడం తప్పనిసరి అయింది. రహీం సాహెబ్ నిందలు వెదుక్కోలేదు. ఎక్కడ వెనుకబడ్డామో నేర్చుకున్నారు. నాలుగేళ్లకు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోళ్లు చేశారు. భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం వంటి మన హైదరాబాదు బిడ్డలు ఆ జట్టులో ఉన్నారు.

జకార్తా: చివరి పరీక్ష

1962 ఆసియా క్రీడల నాటికి క్యాన్సర్ ఆయన దేహాన్ని తొలిచివేస్తోంది. అయినా జట్టుతో జకార్తా వెళ్లారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఇండోనేషియా రానివ్వకపోవడాన్ని ఒక భారతీయ అధికారి విమర్శించడంతో అక్కడి జనం మనవారిపై ఆగ్రహంతో ఉన్నారు. థాయిలాండ్‌తో ఆటలో జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఆయన రక్షణ పంక్తిలో ఆడేవారు. రహీం సాహెబ్ ఆయనను ముందు వరుసకు పంపారు. ఆ నిర్ణయం వింతగా తోచవచ్చు. కానీ సెమీఫైనల్లోనూ, ఫైనల్లోనూ జర్నైల్ సింగ్ గోలు చేశారు.

ఫైనల్‌కు ముందు రహీం సాహెబ్ తన కుర్రాళ్లను పిలిచి, స్వర్ణాన్ని కానుకగా ఇవ్వమని కోరారని ఆటగాళ్లు తరువాత చెప్పుకున్నారు. సెప్టెంబరు 4న, లక్షమంది ఎగతాళి చేస్తున్న స్టేడియంలో, అదే దక్షిణ కొరియాను 2-1తో ఓడించారు. పి.కె. బెనర్జీ మొదటి గోలు, జర్నైల్ రెండోది. చుని గోస్వామి నాయకుడు, తంగరాజ్ గోల్‌కీపర్, యూసుఫ్ ఖాన్, బలరాం వంటివారు సహచరులు. ఏ మతంవాడు ఎవరికి బంతి అందించాడని ఆ రోజు ఎవరూ లెక్కించలేదు. గురువుగారు నేర్పిన పాఠం ఒక్కటే: బంతి నీదగ్గర ఆగకూడదు, తోటివానికి చేరాలి.

ఆ తరువాత తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, 53 ఏళ్ల ప్రాయంలో రహీం సాహెబ్ కన్నుమూశారు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం పుట్టింది 1985లో. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ మళ్లీ స్వర్ణం గెలవలేదు. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యుడైన ఆయన కుమారుడు సయ్యద్ అబ్దుల్ హకీం కూడా శిక్షకుడై తండ్రి బాటలో నడిచారు. 2021 ఆగస్టులో మరణించారు.

ఆట అన్నం పెడుతుందా అని అడిగే తల్లిదండ్రులకు మా మనవి ఇది. ప్రతి బిడ్డా జకార్తా వెళ్లనక్కరలేదు. కానీ ఓడినప్పుడు క్రుంగకుండా లేవడం, తన బలహీనతను తానే గుర్తించి సరిదిద్దుకోవడం, పేరును తోటివారితో పంచుకోవడం పుస్తకం ఒక్కటే నేర్పలేదు. దేహం మనకు అప్పగించబడిన అమానతు. దానిని చురుకుగా ఉంచడం కూడా బాధ్యతే. నమాజు వేళకు ఇంటికి రావాలని చెప్పండి. చదువు తప్పరాదని చెప్పండి. ఆ తరువాత ఆ గంటసేపు బిడ్డను మైదానానికి వదలండి. వీలైతే మీరూ వెళ్లి గట్టుమీద కూర్చోండి.

అల్లాహ్ రహీం సాహెబ్‌ను కరుణించుగాక! మన బడుల్లో అటువంటి గురువులు మళ్లీ కనిపించెదరు గాక!