లింఫోమా రిపోర్టులో ‘జీన్ మార్పు’ అని ఉంటే అది ఖాందానీ జబ్బేనా?

మెడ దగ్గర బిళ్ళ కట్టింది. ముక్క తీసి పరీక్షకు పంపితే లింఫోమా అని తేలింది. రిపోర్టు చివర్లో ‘ఎంవైడీ88 మ్యుటేషన్ పాజిటివ్’ అని ఒక లైను. డాక్టరు చెప్పిన మందుల సంగతి పక్కకు పోయి, ఇంట్లో ఆ లైను మీదే మాటలు మొదలవుతాయి. జీన్ అంటే తరతరాలుగా వచ్చేదే కదా, రేపు అమ్మాయి రిష్తాకు వచ్చేవాళ్లు వింటే ఏమంటారు? ఏలూరులో చేయించిన పరీక్ష సంగతి తాడేపల్లిగూడెంలో ఉన్న ఖాలాకు కూడా చెప్పొద్దు అనుకునేది ఇక్కడే.

ఆ భయానికి ఆధారం లేదు. ఈ మార్పు తల్లిదండ్రుల నుంచి వచ్చింది కాదు, పిల్లలకు పోయేదీ కాదు. ఎందుకో తెలియాలంటే ఆ జీన్ చేసే పనేంటో చూడాలి.

ఎంవైడీ88 జీన్ ప్రతి మనిషిలోనూ ఉంటుంది, మూడో క్రోమోజోమ్ మీద. దాన్ని బట్టి తయారయ్యే ప్రోటీన్ పేరూ అదే. దాని పని కబురు అందించడం. ఒంట్లోకి సూక్ష్మజీవి వస్తే రక్షణ కణాల మీద ఉండే గ్రాహకాలు పసిగడతాయి. ఎంవైడీ88 ఆ కబురు అందుకుని ఐరాక్4, ఐరాక్1 అనే ప్రోటీన్లతో జట్టు కడుతుంది. అక్కడి నుంచి కబురు కణం మధ్యలోకి చేరుతుంది. కణం మేల్కొంటుంది, పోరాడుతుంది, పని అయ్యాక కబురు ఆగిపోతుంది. ఆగిపోవడమే ముఖ్యం.

ఆకివీడు, కైకలూరు వైపు చేపల చెరువులున్న వాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నీళ్లు కావాల్సినప్పుడు తూము తలుపు ఎత్తుతారు, చాలనగానే దించుతారు. ఎత్తిన తలుపు అక్కడే ఇరుక్కుపోతే? ఎంవైడీ88 ప్రోటీన్‌లో 265వ స్థానంలో లూసిన్ ఉండాల్సిన చోట ప్రోలిన్ వస్తే జరిగేది అదే. జీన్‌లో మారేది ఒక్క అక్షరం. సూక్ష్మజీవి ఏదీ లేకపోయినా ‘బతుకు, పెరుగు’ అనే కబురు ఆ కణానికి వెళుతూనే ఉంటుంది. దానికి మరికొన్ని తేడాలు తోడైతే లింఫోమా.

అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పరిశోధకులు 2011లో ఈ మార్పును ఒక రకం పెద్దకణాల లింఫోమాలో 29 శాతం మందిలో చూశారు. వాల్డెన్‌స్ట్రామ్ అనే నెమ్మదిగా సాగే రకంలో నూటికి 90 మందికి పైగా ఉన్నట్టు 2012లో బోస్టన్ బృందం చెప్పింది.

ఇక ఖాందాన్ ప్రశ్న. ఈ అక్షరం మారేది పుట్టుకలో కాదు. పెద్దయ్యాక, ఎప్పుడో, ఒకే ఒక్క బి-కణంలో మారుతుంది. ఆ కణం సంతానంలోనే ఆ మార్పు ఉంటుంది. అబ్బా మెడలోని బిళ్ళలో కనిపించింది కాబట్టి కూతురి ఒంట్లో ఉండాలని లేదు. కలిసి ఒకే దస్తర్‌ఖాన్ మీద తింటే అంటుకునేదీ కాదు. కొన్ని కుటుంబాల్లో ఒకరికంటే ఎక్కువమందికి లింఫోమా రావడం ఉంది. అలాంటిదుంటే డాక్టరుకు చెప్పాలి, అంతే.

విచిత్రం ఏంటంటే, ఇదే జీన్‌కు వారసత్వపు కథ ఒకటి వేరే ఉంది. అది క్యాన్సర్ కాదు. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు ప్రతులూ పనిచేయకపోతే పిల్లలకు చిన్న వయసులోనే న్యుమోకాకస్ లాంటి బాక్టీరియా వల్ల తీవ్రమైన ఇన్ఫెక్షన్లు వస్తాయి. 2008లో శాస్త్రవేత్తలు దీన్ని బయటపెట్టారు. చాలా అరుదు. తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు. దగ్గరి సంబంధాల్లో ఇలాంటి జబ్బుల అవకాశం పెరుగుతుంది. మామూజాద్, ఖాలాజాద్ రిష్తాలకైనా, పక్కింటివాళ్ల మేనరికానికైనా ఒకటే లెక్క. రిష్తా దగ్గర అడగాల్సిన ప్రశ్న ఏదైనా ఉంటే, పసితనంలో పోయిన పిల్లల గురించి అడగాలి. తాతకు ముసలితనంలో వచ్చిన లింఫోమా గురించి కాదు.

ఏలూరులో మరో అనుమానమూ వినిపిస్తుంది: నీళ్ల వల్లేనా? 2020 డిసెంబరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయిన ఊరిలో ఆ ప్రశ్న రావడం సహజం. కొన్ని పురుగుమందులకూ లింఫోమాకూ సంబంధం ఉన్న మాట నిజమే. లిండేన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. కానీ ఒక మనిషికి వచ్చిన లింఫోమాను చూపించి ఇది ఫలానా మందు వల్లే అని తేల్చడం కుదరదు.

నష్టం ఎక్కువగా జరిగేది ఆలస్యం వల్ల. మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి మెడ బిళ్ళ అనగానే టీబీ అనుకోవడం మామూలు. చాలాసార్లు అది టీబీయే. అయితే మందులు వాడుతున్నా బిళ్ళ పెరుగుతుంటే, రాత్రి చెమటలకు పక్క తడిసిపోతుంటే, బరువు తగ్గుతుంటే మళ్లీ అడగాలి. సూది పరీక్ష ఒక్కటే చాలదు, చాలావరకు బిళ్ళ మొత్తం తీసి చూస్తేనే ఏ రకం లింఫోమానో తెలుస్తుంది.

రకం తెలిస్తే మందు మారుతుంది. ఎంవైడీ88ను నేరుగా ఆపే మందు మామూలు వైద్యంలోకి ఇంకా రాలేదు. కానీ ఆ కబురు వెళ్లే దారిలోనే ఉన్న బీటీకే అనే ప్రోటీన్‌ను ఆపే ఇబ్రూటినిబ్ మాత్రను వాల్డెన్‌స్ట్రామ్ జబ్బుకు 2015లో అమెరికాలో అనుమతించారు. మెదడులో పుట్టే లింఫోమాలో కూడా ఇదే మార్పు ఎక్కువగా కనిపిస్తుంది. దానికి ముఖ్యమైన మందు ఎక్కువ మోతాదులో ఇచ్చే మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారి వేసుకునే చిన్న మాత్రగా చాలా ఇళ్లలో తెలిసిందే. ఆ మందు పుట్టిన లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహించింది కొల్లేరు పక్కనే భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

పెద్ద ఆసుపత్రికి విజయవాడో విశాఖో వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకెళ్తారు చాలామంది. ముక్క పరీక్ష చేసిన ల్యాబ్‌లో మైనం బ్లాకు, గాజు స్లైడ్లు ఉంటాయి, అడిగి తీసుకోవాలి. జీన్ పరీక్ష చాలాసార్లు ఆ బ్లాకు మీదే చేస్తారు, మళ్లీ కోయాల్సిన పని తప్పొచ్చు.