పెప్పర్ గారి దెయ్యం

అక్టోబరు వచ్చిందంటే అమెరికాలోని థీమ్ పార్కులు దెయ్యాల వ్యాపారంలోకి దిగుతాయి. కాలిఫోర్నియాలో నాట్స్ బెర్రీ ఫామ్ 1973లో ఈ ఆనవాయితీకి తెర తీసింది. 1991లో ఫ్లోరిడాలోని యూనివర్సల్ పార్కు అందుకుంది. ఇప్పుడు దెయ్యాల పండుగ హాలోవీన్ రాత్రికి విడిగా టిక్కెట్టు కొనుక్కుని మరీ జనం భయపడటానికి క్యూ కడుతున్నారు. లోపల పొగ యంత్రాలు, స్పీకర్లు, మెరుపు దీపాలు, దభాలున తెరుచుకునే తలుపులు. వాటి మధ్య చప్పుడు చెయ్యని పరికరం ఒకటుంది. అందులో కదిలే భాగమంటూ లేదు. ఉన్నదల్లా ఒక గాజు పలక. 160 ఏళ్లు దాటినా ఇంకా కొలువులోనే ఉన్న ఆ పరికరం పేరు పెప్పర్స్ ఘోస్ట్.

ఇది పనిచేసే తీరు రాత్రి రైలెక్కిన వాళ్లందరికీ తెలుసు. పెట్టెలో దీపం వెలుగుతుంటుంది, బయట చీకటి. కిటికీ అద్దంలో మన మొహం తాటిచెట్ల మీదుగా పరుగెడుతూ కనబడుతుంది. తెల్లారితే అదే అద్దంలో తాటిచెట్లే మిగులుతాయి. అద్దం మారలేదు, రెండు వైపులా ఉన్న వెలుతురు మారింది. మామూలు గాజు తన మీద పడిన కాంతిలో ఇంచుమించు పదోవంతును మాత్రమే వెనక్కి తిప్పి, మిగతాదాన్ని అవతలికి పోనిస్తుంది. కాబట్టి దెయ్యం వేషగాణ్ణి ప్రేక్షకుడి కంటపడని చోట నిలబెట్టి, అతని మీద వెలుతురు దంచి కొడితే చాలు. ఆ పదోవంతే చీకటి వేదిక మీద పాలిపోయిన ఆకారమవుతుంది. ఆకారం వెనకున్న కుర్చీ, బల్ల కూడా దానిలోంచి కనబడతాయి. దెయ్యం అంటే మనం ఊహించుకునేది అలాంటిదే కదా!

ఇంకో సుగుణం కూడా ఉంది. వేషగాడు గాజుకు మూడు మీటర్లు ఇవతలుంటే, దెయ్యం మూడు మీటర్లు అవతల నిలబడినట్టు కనబడుతుంది. బడిలో మిథ్యా ప్రతిబింబం అని చదువుకున్నది ఇదే. తెర మీద బొమ్మలా అతుక్కుపోకుండా, వేదిక లోతులో ఒక చోటు చూసుకుని నిలబడుతుంది. నటుడు కత్తి దూసి దాన్ని పొడిస్తే కత్తి ఒంట్లోంచి దూసుకుపోతుంది, దెయ్యం చెక్కుచెదరదు.

ఈ ఆలోచన మొదట తట్టింది, దీనికి పేరిచ్చిన పెప్పర్‌కు కాదు. హెన్రీ డర్క్స్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1858లో లీడ్స్‌లో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ అనే శాస్త్ర సంఘం సభలో తన పథకాన్ని వివరించాడు. వేదికకు అడ్డంగా గాజు నిలువుగా నిలబెట్టాలి. ప్రేక్షకులు ఎత్తున కూర్చుని కిందికి చూడాలి. దెయ్యం వేషగాడు వాళ్లకు కనబడకుండా వాళ్ల కిందనే దాక్కోవాలి. సూత్రం నిక్షేపంలా ఉంది. చిక్కల్లా ఒక్కటే: దీనికోసం నాటకశాలను పునాదుల నుంచి మళ్లీ కట్టుకోవాలి. ఒక దెయ్యం కోసం హాలు పడగొట్టడానికి ఏ యజమానీ ముందుకు రాలేదు.

నాలుగేళ్ల తర్వాత ఆ పథకం నమూనా లండన్‌లోని రాయల్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూషన్‌కు చేరింది. సామాన్యులకు సైన్సు వింతలు చూపించి వివరించే సంస్థ అది. అక్కడి జాన్ హెన్రీ పెప్పర్ రసాయన శాస్త్రం చెప్పేవాడు, జనాన్ని కట్టిపడేసే ఉపన్యాసకుడు. గాజును నిలువుగా కాకుండా ప్రేక్షకుల వైపు వాల్చితే, వేషగాణ్ణి వేదిక ముందు గోతిలోనే దాచెయ్యొచ్చని ఆయన గ్రహించాడు. హాలు పడగొట్టక్కర్లేదు, ఉన్న వేదికకే మార్పు చేసుకుంటే చాలు. 1862 డిసెంబరు 24 రాత్రి, డికెన్స్ రాసిన ‘ది హాంటెడ్ మ్యాన్’ కథలోని ఘట్టంతో తొలి ప్రదర్శన జరిగింది.

గోతిలో సంగతి వేరు. పైన దెయ్యం నిటారుగా కనబడాలంటే కింద నటుడు వెనక్కి వాలి ఉండాలి. చుట్టూ అంతా నలుపు, లేకపోతే గొయ్యి గోడలు కూడా దెయ్యంతో పాటు వేదికెక్కేస్తాయి. సున్నపుముక్కను ఆక్సిజన్, హైడ్రోజన్ మంటలో కాల్చి పుట్టించే లైమ్‌లైట్ కళ్లు మిరుమిట్లు గొలిపేలా మీద పడుతుంటుంది. పైనున్న నటుడికి దెయ్యం కనబడదు. నేల మీద గుర్తు చూసుకుని, ఖాళీ గాలిని చూసి భయపడాలి. మధ్యలో గాజు అడ్డం కాబట్టి మాటలు కూడా హాల్లోకి సరిగా వినబడవు.

ఆ రోజుల్లో మైకేల్ ఫారడే కూడా ఈ ప్రదర్శన చూడటానికి వచ్చాడట. విద్యుత్తు గుట్టు విప్పిన ఆ మహానుభావుడు, ఇది తనకు అంతుపట్టలేదని ఒప్పుకున్నాడట. పెప్పర్ ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి గాజు పలక మీద ఆనించాడట. ఈ సంగతి పెప్పరే తన పుస్తకంలో రాసుకున్నాడు. ఫారడేకు తెలియనిది కాంతి సూత్రం కాదు, తన కళ్లెదుట గాజు ఉందన్న సంగతి. అంత భద్రంగా కాపాడి ఉంచేవారన్నమాట.

1863లో పేటెంటు కోసం ఇద్దరి పేర్లతోనూ దరఖాస్తు చేశారు. కానీ జనం నోళ్లలో నానింది పెప్పర్ పేరే. ప్రకటనల్లో తన పేరు మింగేస్తున్నారని మండిపడి డర్క్స్ అదే ఏడాది ఏకంగా ఒక పుస్తకమే అచ్చేశాడు. సొమ్మొకడిది, సోకొకడిది అన్న మాట ఆయన పాలిట నిజమైంది. రెండేళ్లకు పెప్పర్, టామస్ టోబిన్ అనే సహచరుడితో కలిసి అద్దాల పెట్టెలో మనుషుల్ని మాయం చేసే తంత్రం కనిపెట్టాడు. మన ఎగ్జిబిషన్లలో పాము ఒంటికి ఆడపిల్ల తల తగిలించి చూపించే స్టాలు ఈ అద్దాల వంశంలోదే.

అసలు మలుపు 1969లో వచ్చింది. కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లో హాంటెడ్ మాన్షన్ భవనం బయటి రూపు 1963కే సిద్ధమైనా, లోపలి దెయ్యాలు కుదురుకోవడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. యేల్ గ్రేసీ, రాలీ క్రంప్ అనే డిజైనర్లు పాత తంత్రాలన్నీ తిరగేశారు. లోపల ఓ పెద్ద విందు హాలుంది. సందర్శకులు కూర్చున్న బండ్లు పై వసారా మీదుగా సాగుతుంటే, కింద దెయ్యాలు జంటలుగా నాట్యం చేస్తూ కనబడతాయి. మధ్యలో నిలువెత్తు గాజు ఉంది. నిజం బొమ్మలు బండ్లకు కిందా పైనా, నల్లరంగు పూసిన గదుల్లో దాగి ఉన్నాయి. ప్రేక్షకుడు ఎత్తున, దెయ్యం అతని కింద, నిలువు గాజు: ఇది పెప్పర్ అమరిక కాదు, అచ్చంగా డర్క్స్‌ది! ఎవరూ కట్టనన్న నాటకశాల 111 ఏళ్లకు దెయ్యాల కోసమే పుట్టింది. పైగా బండి ఎప్పుడు ఎటు తిరగాలో కూడా యంత్రమే చూసుకుంటుంది. ప్రేక్షకుడి మెడ సైతం డిజైనర్ చేతిలో ఉందన్నమాట.

అక్కడా ఒక తిరకాసుంది. జంట నాట్యంలో మగవాడు నడిపించడం పాశ్చాత్య రివాజు. ఆ హాల్లో మాత్రం ఆడదెయ్యాలే నడిపిస్తున్నట్టు కనబడతాయి. గాజు కుడిని ఎడమ చేస్తుంది మరి.

2001 నుంచి దాదాపు ఏటా శరదృతువులో ఈ భవనం హాలోవీన్, క్రిస్మస్ అలంకారం కలగలిపి వేసుకుంటోంది. ఓర్లాండోలోని యూనివర్సల్‌లో హ్యారీ పాటర్ రైలెక్కే వాళ్లు, తమ ముందున్న మనుషులు ఇటుకగోడలోకి నడిచి మాయం కావడం చూసి కేకలేస్తారు. అక్కడా ఉన్నది గాజే. గాజుకు బదులు పలచని పారదర్శక పొర వచ్చాక దెయ్యం కచేరీలకూ, రాజకీయాలకూ పాకింది. 1996లో చనిపోయిన ర్యాప్ గాయకుడు టూపాక్ 2012లో కోచెల్లా సంగీతోత్సవంలో వేదికెక్కాడు. 2014 ఎన్నికల్లో నరేంద్ర మోదీ ఒకేసారి అనేక ఊళ్ల వేదికల మీద ప్రసంగించారు. పత్రికలు హోలోగ్రామ్ అన్నాయి కానీ, రెండు చోట్లా పనిచేసింది ఈ పాత పరావర్తనమే.

అందుకే ఈ పరికరం చరిత్ర గాజు చరిత్ర కాదు. చూసేవాణ్ణి ఎక్కడ ఉంచాలన్న సమస్య చరిత్ర. డర్క్స్ హాలు మార్చమన్నాడు, పెప్పర్ గాజును వాల్చాడు, డిస్నీ ప్రేక్షకుణ్ణే బండెక్కించి తిప్పింది. హాలోవీన్ ఇళ్లలో మనం నడుస్తూ పోతాం కాబట్టి కిటికీ చట్రమో, ఇరుకు గుమ్మమో పెట్టి మన చూపును కట్టేస్తారు. ఎక్కడైనా అకారణంగా ఒక కిటికీ ముందు ఆపితే, దెయ్యాన్ని కాకుండా దానికి ఎదురుగా ఉన్న చీకటి మూలను వెతకండి. ఫ్లాష్ మాత్రం వెయ్యకండి, గాజు బయటపడి పక్కవాళ్ల సరదా పాడవుతుంది. ఈ దెయ్యానికి లోటు ఒక్కటే. ఎంత భయంకరంగా ఉన్నా గాజు దాటి ఇవతలికి రాలేదు. రంపం పట్టుకుని మన వెంటపడటానికి పార్కులు ఇప్పటికీ మనుషుల్నే జీతాలిచ్చి పెట్టుకోవాల్సి వస్తోంది.