ఏ గుండు గురి గొప్పది?

మూతిలో మందు పోసి, పైనుంచి గుండు దట్టించి పేల్చే తుపాకులు యుద్ధరంగం నుంచి తప్పుకొని శతాబ్దం దాటిపోయింది. అయినా అమెరికా, యూరప్ దేశాల్లో వాటితో గురి పోటీలు ఇప్పటికీ జరుగుతున్నాయి. అమెరికాలోని అనేక రాష్ట్రాలు ఈ తుపాకులతో వేటాడేవారికి ప్రత్యేక సీజనే కేటాయిస్తాయి. అందుకే అక్కడి షూటింగ్ రేంజిల్లో ఒక వాదన ఎప్పటికీ తెగదు. నూనెగుడ్డ చుట్టి దట్టించే గోళీలాంటి గుండు మేలా, మొనదేలిన పొడుగాటి సీసపు గుండు మేలా, ప్లాస్టిక్ తొడుగులో ఇమిడి వచ్చే ఈ కాలపు తూటా మేలా? చాలామంది ఒక్కో రకం మూడేసి పేల్చి, ఏ చిల్లులు దగ్గరగా పడితే ఆ రకానికి కిరీటం పెట్టేస్తారు. ఆ తీర్పులో రెండు లోపాలున్నాయి. గురి అనేది గుండు ఒక్కదాని గుణం కాదు, గుండూ బారెలూ కుదిరిన జోడీ గుణం. ఇక మూడు చిల్లులు ఏ జోడీ గుణాన్నీ తేల్చలేవు.

మొదటి లోపం బారెల్ లోపలే కనిపిస్తుంది. నున్నటి గొట్టంలోంచి వచ్చే గుండు ఏ పక్కకు రాసుకుంటే దాన్నిబట్టి ఇష్టమొచ్చినట్టు తిరుగుతూ దారి తప్పుతుంది. తుపాకీ శాస్త్రానికి పునాది వేసిన బెంజమిన్ రాబిన్స్ 18వ శతాబ్దంలోనే ఈ సంగతి పరిశీలించాడు. తర్వాతి కాలంలో ఆయన ఈస్టిండియా కంపెనీ కోటల ఇంజనీరుగా మన తీరానికి వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో కన్నుమూశాడు. ఈ అడ్డదిడ్డపు తిరుగుడుకు విరుగుడు బారెల్ లోపల చెక్కే మెలి గాళ్లు. అవి గుండును బొంగరంలా తిప్పి, మొన ముందుకే ఉండేలా చూస్తాయి. అయితే ఎంత వేగంగా తిప్పాలన్నది గుండు పొడవును బట్టి మారుతుంది. గోళాకారపు గుండుకు 60 నుంచి 72 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే గాళ్లు చాలు. ప్లాస్టిక్ తొడుగు తూటాల కోసం చేసే బారెళ్లలో 28 అంగుళాలకే ఒక చుట్టు ఉంటుంది. 48 అంగుళాలకు ఒక చుట్టున్న బారెల్ రెంటికీ మధ్య రాజీ. పొడుగాటి గుండ్లకు 1879లో జార్జ్ గ్రీన్‌హిల్ ఒక సూత్రం ఇచ్చాడు. వ్యాసాన్ని వర్గం చేసి, 150తో గుణించి, పొడవుతో భాగిస్తే ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు కావాలో వస్తుంది. 0.45 అంగుళాల వ్యాసం, అంగుళం పొడవున్న గుండుకు లెక్క కడితే సుమారు 30 వస్తుంది. దాన్నే 66 అంగుళాలకు ఒక చుట్టున్న బారెల్లో దట్టిస్తే గాలిలో పల్టీలు కొట్టినా ఆశ్చర్యం లేదు. ఆ తప్పు గుండుదీ కాదు, బారెల్‌దీ కాదు, వాటిని జతచేసిన మనిషిది.

ఈ మాటకు చరిత్రలో గట్టి రుజువుంది. 1857లో ఇంగ్లండ్‌లోని హైత్‌లో రెండు రైఫిళ్లను పోల్చి చూశారు. ఒకటి సైన్యం వాడే ఎన్‌ఫీల్డ్. కొవ్వు పూసిన తూటాలతో అదే ఏడాది మన దేశంలో సిపాయిల ఆగ్రహాన్ని రగిల్చిన తుపాకీ అదే. రెండోది ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్ రూపొందించిన ఆరుపలకల బారెల్ రైఫిల్. రెండింట్లోనూ గుండు బరువు 530 గ్రెయిన్లే, అంటే సుమారు 34 గ్రాములు. ఎన్‌ఫీల్డ్ గొట్టం వ్యాసం 0.577 అంగుళాలు, 78 అంగుళాలకు ఒక చుట్టు. విట్‌వర్త్‌ది 0.451 అంగుళాలు, 20 అంగుళాలకే ఒక చుట్టు. అంతే సీసాన్ని సన్నగా, పొడుగ్గా పోతపోసి, ఆ పొడవుకు తగ్గట్టు వేగంగా తిప్పారన్నమాట. 500 గజాల దూరంలో ఎన్‌ఫీల్డ్ గుండ్ల సగటు తేడా 2.24 అడుగులు, విట్‌వర్త్‌ది 0.37 అడుగులు. 1400 గజాల దగ్గర ఎన్‌ఫీల్డ్ లెక్కకే అందలేదు. గెలిచింది గుండు ఒక్కటే అయితే దాన్ని ఎన్‌ఫీల్డ్‌లో పేల్చినా గెలవాలి కదా!

ఇక రెండో లోపానికి వస్తే, హైత్‌లో కొలిచింది సగటు అన్నది గమనించాల్సిన విషయం. 1860లో వింబుల్డన్ పోటీలను ప్రారంభిస్తూ విక్టోరియా రాణి స్టాండుకు బిగించిన విట్‌వర్త్‌ను పేల్చితే, 400 గజాల దూరంలో గుండు నడిబొడ్డుకు అంగుళంన్నర లోపే తగిలింది. ప్రచారానికి ఆ ఒక్క దెబ్బ చాలు, రుజువుకు చాలదు. చిల్లుల మధ్య గరిష్ఠ దూరం పేల్చిన సంఖ్యతోపాటే పెరుగుతుంది. మూడేసి దెబ్బలకు సగటున రెండు అంగుళాలు వచ్చే తుపాకీ, అదే మందుతో, అదే గుండుతో అయిదుకు రెండున్నర, పదికి మూడు అంగుళాలకు పైగా చూపిస్తుంది. పైగా మూడు దెబ్బల కొలత నిలకడలేనిది. అదే తుపాకీ ఒకసారి 1.3 అంగుళాలు, మరోసారి 2.7 అంగుళాలు చూపడం మామూలే. ఒక రకం గుండుకు అదృష్టపు మూడూ, ఇంకో రకానికి దురదృష్టపు మూడూ పడితే తలకిందుల తీర్పు వస్తుంది.

దీనికి తోడు ఈ తుపాకుల్లో పోసే నల్లటి తుపాకీమందు (బ్లాక్ పౌడర్) చేసే అల్లరి ఒకటుంది. అది కాలాక సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది, అందులో కొంత మసిగా గొట్టానికి అంటుకుంటుంది. మొదటి గుండు శుభ్రమైన బారెల్లో, నాలుగోది మసిపట్టిన బారెల్లో వెళ్తే పోలిక ఎక్కడిది? అందుకే ప్రతి దెబ్బ తర్వాత ఒకే తీరున తుడవాలి. ఒక రకాన్ని వరుసగా పేల్చి రెండోదాన్ని అందుకోకుండా, రకాలను మార్చి మార్చి పేల్చాలి. అన్నింటికీ ఒకే మోతాదు మందు పోయడం న్యాయంగా కనిపిస్తుంది గానీ న్యాయం కాదు. ఒక్కో గుండుకు పడే మోతాదు వేరు. దాన్ని వెతికి పట్టుకున్నాకే పోటీ మొదలుపెట్టాలి.

వేటగాడికి కావాల్సింది మొదటి దెబ్బే, ఈ పదీ ఇరవై ఎందుకు అని కొందరంటారు. నిజమే, కానీ ఆ మొదటి దెబ్బ ఎక్కడ పడుతుందో తెలియాలన్నా వేర్వేరు రోజుల్లో శుభ్రమైన బారెల్ నుంచి పేల్చిన మొదటి దెబ్బలన్నీ ఒకే కాగితంపై గుర్తించి చూడాల్సిందే. ఒక్కో దెబ్బకు నిమిషాలు పట్టే తుపాకీతో ఇంత ఓపిక ఎవరికుందన్న ప్రశ్నకూ ఇదే జవాబు. అన్నీ ఒకే పూట పేల్చనక్కర్లేదు, కాగితాలు దాచి కలుపుకుంటే సరిపోతుంది. గురి ఒక్కటే సర్వస్వం కాదన్న అభ్యంతరం మాత్రం ఒప్పుకోదగ్గదే. విట్‌వర్త్ అంత బాగా గెలిచినా, ఎన్‌ఫీల్డ్‌కు నాలుగు రెట్ల ఖరీదనీ, మసి త్వరగా పడుతుందనీ బ్రిటిష్ సైన్యం దాన్ని పక్కనపెట్టింది. అయితే అది గురిని సరిగా కొలిచాక తీసుకున్న నిర్ణయం. ఫలానా గుండే మేటి అని ఎవరైనా అంటే మూడు విషయాలు అడగండి: ఎన్ని దెబ్బలు, ఎంత చుట్టున్న బారెల్, తుడిచి పేల్చారా తుడవకుండానా? వీటికి జవాబు లేని పోలికను లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.