పురుగుల్ని తినే మొక్క.. పరిశోధన నేర్పే బడి!

డిగ్రీలో బోటనీ తీసుకున్నానంటే చాలు, ‘దాంతో ఏం నౌకరీ వస్తది?’ అని అడిగేవాళ్లు ఉప్పునుంతలలోనే కాదు, ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆ ప్రశ్నకు చేతల్లో జవాబు చెప్పాలనుందా? అయితే రూపాయి బిళ్లంత మొక్కతో మొదలుపెట్టండి. దాని పేరు సన్‌డ్యూ. శాస్త్రీయ నామం డ్రొసెరా.

దీని ఆకుల నిండా సన్నటి ఎర్రని నూగు ఉంటుంది. ఒక్కో నూగు కొసన ఒక్కో జిగురు చుక్క. ఎండెక్కినా ఆరని మంచు బిందువులా మెరుస్తుంది. ఆశపడి చీమో, చిన్న ఈగో వాలిందా.. ఇక అంతే! చుట్టూ ఉన్న నూగు వంగి దాన్ని పట్టేస్తుంది. ఆకు నుంచి ఊరే ఎంజైములు పురుగును కరిగిస్తే, అందులోని నత్రజని, భాస్వరం మొక్కకు అందుతాయి. సారం లేని తడి నేలల్లో ఇది బతికే తీరే అంత. మన దేశంలో ప్రధానంగా కనిపించే మూడు జాతుల్లో బర్మానీ, ఇండికా అనే రెండూ తెలుగు నేల మీదా పెరుగుతాయి.

పెంచడం ఎలా?

మొదటిసారి పెంచేవాళ్లకు బర్మానీ మేలు. మన ఎండల్ని కాస్త తట్టుకుంటుంది. తనకు తానే పరాగ సంపర్కం చేసుకుని బోలెడు విత్తనాలిస్తుంది. ప్లాస్టిక్ కుండీలో పీట్ మాస్, కడిగిన ఇసుక కలిపి నింపండి. పొడిలాంటి విత్తనాలను పైపైన చల్లండి చాలు, మట్టి కప్పొద్దు. కుండీ కింద పళ్లెం పెట్టి ఒక సెంటీమీటరు నీరు ఎప్పుడూ ఉండేలా చూడండి. కొన్ని గంటల ఎండ తప్పనిసరి. మండు వేసవిలో మాత్రం మధ్యాహ్నం నీడ ఉండాలి.

అసలు పరీక్ష నీళ్ల దగ్గరే. బోరు నీటిలోని లవణాలు ఈ మొక్కను చంపేస్తాయి. వానాకాలంలో డాబా మీద పడే నీటిని శుభ్రమైన డ్రమ్ములో పట్టుకోండి. లేదంటే డిస్టిల్డ్ వాటర్ వాడండి. టీడీఎస్ మీటరులో అంకె 50 దాటకపోతే మంచిది. పాపం ఎండిపోతోందని యూరియా వేశారో, మొక్క దక్కదు!

లెక్క రాస్తేనే ప్రయోగం

చార్లెస్ డార్విన్ ఏళ్ల తరబడి ఈ మొక్కల్ని పరిశీలించి 1875లో పురుగులు తినే మొక్కలపై పుస్తకం వేశారు. అయినా, ఆ తిండితో మొక్కకు నిజంగా లాభముందా అన్న సందేహం మిగిలే ఉంది. 1877లో ఆయన కొడుకు ఫ్రాన్సిస్ డార్విన్ సూపు పళ్లేల్లో మొక్కలు పెంచారు. మధ్యలో చెక్క అడ్డుపెట్టి, ఒకవైపు మొక్కలకు చిన్న మాంసం ముక్కలు వేశారు, రెండోవైపు వేయలేదు. చివరికి విత్తనాలు లెక్కపెడితే తిండి దొరికినవాటికి రెట్టింపు కంటే ఎక్కువ వచ్చాయి. వాదన తేల్చింది ఖరీదైన పరికరం కాదు, ఓపికగా పెట్టిన లెక్క!

ఇది మీ డాబా మీదా చేయొచ్చు. ఒకే వయసు మొక్కలు పది తీసుకోండి. అయిదింటికి వారానికో చీమ వేయండి. మిగతా అయిదింటిపై పురుగులు వాలకుండా దోమతెర కప్పండి. వెలుతురు తేడా రాకుండా మొదటి అయిదింటిపైనా అదే తెర ఉంచి, చీమ వేసేటప్పుడు మాత్రమే తీయండి. ప్రతి ఆదివారం స్కేలుతో మొక్క వెడల్పు కొలిచి, ఫొటో తీసి, తేదీతో నోటుబుక్కులో రాయండి. చచ్చిపోయినవాటినీ రాయాలి సుమా!

ఇది ఎక్కడికి తీసుకెళ్తుంది?

ఈ నోటుబుక్కు ఉద్యోగం ఇవ్వదు. కానీ డిగ్రీ ప్రాజెక్టుకు సొంత సమాచారం ఇస్తుంది. సీపీగెట్ రాసి ఎమ్మెస్సీలో చేరినా, ఆపై సీఎస్‌ఐఆర్ నెట్‌తో పరిశోధన వైపు వెళ్లినా, ‘నువ్వు సొంతంగా ఏం చేశావ్?’ అన్న ప్రశ్నకు చూపించడానికి ఒకటుంటుంది. వృక్షజాతుల గుర్తింపుపై ఆసక్తి పెరిగితే, బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. టిష్యూ కల్చర్ ల్యాబులు, నర్సరీలు మరో దారి.

ఒక్క మాట. చెరువు అంచునో, ఒర్రె పక్కనో సన్‌డ్యూ కనిపిస్తే పీకొద్దు. ఫొటో తీసి, చోటు, తేదీ రాసుకుని మీ లెక్చరర్‌కు చూపించండి. అమ్రాబాద్ అభయారణ్యంలోనైతే అనుమతి లేకుండా మొక్కలు తీయడం నేరం. విత్తనాలు ఇప్పటికే పెంచుతున్నవాళ్ల దగ్గరే తీసుకోండి. మీ మొక్క కాసిన విత్తనాలను మీ జూనియర్లకు పంచండి, నోటుబుక్కుతో సహా!