కాలయంత్రమునకు మూడు కన్నులు

భాగవతము నవమస్కంధమున రైవతుని కథ యొకటి కలదు. తన కూతురగు రేవతికి తగిన వరునెవ్వనినైన చెప్పుమని యడుగుటకై ఆ రాజు కన్యను వెంటబెట్టుకొని బ్రహ్మలోకమునకు బోయెను. అచట గంధర్వగానము జరుగుచుండెను. అది ముగియువరకు క్షణకాలము వేచియుండి, పిమ్మట తాను మనసులోననుకొన్న రాజకుమారుల పేర్లు విన్నవించెను. బ్రహ్మ నవ్వి, ఆ క్షణములోనే భూలోకమున ఇరువదియేడు మహాయుగములు గడచినవనియు, ఆ రాజకుమారులేగాక వారి మనుమల పేర్లు సైతము ఇప్పుడు వినరావనియు చెప్పెను. రేవతి కడకు బలరామునకు భార్య యయ్యెను. కాలములో ప్రయాణము చేయుటయను తలంపు మనకు పరదేశమునుండి దిగుమతియైన సరకు కాదని చెప్పుటకే ఈ కథను జ్ఞప్తి చేసితిమి.

ముందుకు పోవు ఈ ప్రయాణమును నేటి శాస్త్రము సైతము కాదనలేదు. వేగముగా చరించు గడియారము మందగించునని 1905లో ఐన్‌స్టీన్ ప్రతిపాదించెను. 1971లో అమెరికా శాస్త్రజ్ఞులిరువురు పరమాణు గడియారములను విమానములలో భూమిచుట్టు త్రిప్పి, నేలమీద నిలిపియుంచిన గడియారములతో పోల్చిచూచిరి. తేడా కనబడెను. సెకనును నూరుకోట్ల భాగములు చేసిన, అట్టి భాగములు కొన్ని పదులు, వందలు మాత్రమే. అయినను తేడా తేడాయే. వెనుకకు మరలు త్రోవ మాత్రము ఎవ్వరును చూపలేదు. రైవతుడును మరలి తన కాలమునకు రాలేదుగదా!

ఆ లేని త్రోవను తెరమీద వేసిన తెలుగు చిత్రము ‘ఆదిత్య 369’. 1991 జూలై 18వ తేదీన అది విడుదలయ్యెను. దానిని చూడనివారు మన పల్నాటిలో అరుదు. అది యెట్లు తయారైనదో ఎరిగినవారు మాత్రము కొద్దిమంది.

దర్శకులు సింగీతము శ్రీనివాసరావుగారు 1931లో నెల్లూరు సీమలోని ఉదయగిరిలో జన్మించిరి. కళాశాలలో చదువుకొను దినములలో, ఎచ్.జి. వెల్సు 1895లో ప్రకటించిన కాలయంత్రపు నవలను చదివి మరువలేకపోయిరి. ఆ నవలలోని యాత్రికుడు ఎనిమిది లక్షల యేండ్లు ముందుకు పోవునుగాని, తన దేశపు గతచరిత్రలో అడుగు పెట్టడు. సామ్రాజ్యమేలుచుండిన ఆనాటి ఆంగ్లేయునకు గతము చేతిలోని సొమ్ము. అతనికి రాబోవు కాలము మీదనే భయము. మన సంగతి వేరు. మన గతమును పరులు వ్రాసి మనచే చదివించిరి. విజయనగరము మరపున పడిన సామ్రాజ్యమని 1900లో గ్రంథము వ్రాసి లోకమునకు చాటినవాడును సూయెల్ అను ఆంగ్లోద్యోగియే. కాబట్టియే కాబోలు, తెలుగు దర్శకులు తమ యంత్రమును మొదట వెనుకకు త్రిప్పిరి. అది 1526వ సంవత్సరమున కృష్ణదేవరాయల కొలువునకు పోయి నిలిచెను.

ఇట్టి కథకు పెట్టుబడి పెట్టువారెవరు? విమానములో ప్రయాణము చేయుచు సింగీతముగారు దీనిని గాయకులు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారికి చెప్పిరట. వారు మురిసిపోయి నిర్మాత శివలెంక కృష్ణప్రసాద్‌గారికి చెప్పి, చిత్రమును తాము సమర్పించిరి. సంభాషణలు జంధ్యాలవి, సంగీతము ఇళయరాజాది. రాయలుగను, యంత్రమెక్కిన నేటి యువకుడుగను నందమూరి బాలకృష్ణ నటించిరి.

పని ఆరంభమైన పిమ్మట విఘ్నము వచ్చెను. ఛాయాగ్రాహకులు పి.సి. శ్రీరాంగారు ‘నాయకుడు’, ‘గీతాంజలి’ చిత్రములచే దేశమంతట పేరుపొందినవారు. వారు కొంత భాగము తీసిన వెనుక, ఆరోగ్యము సహకరింపక తప్పుకొనవలసి వచ్చెను. చిత్రమునకు ఛాయాగ్రాహకుడు ఇంటికి దూలము వంటివాడు. నడుమ దూలము మార్చిన ఇల్లు నిలుచుటయే గొప్ప. వెలుగునీడలు పరచుటలో ఏ ఇరువురి చేతులును ఒక్కటి కావు, అతుకు దాగదు. అయితే ఈ కథలో కాలములే మూడు. విజయనగర భాగమును వి.ఎస్.ఆర్. స్వామిగారికి అప్పగించిరి. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’ను సినిమాస్కోపులో చిత్రించిన చేయి వారిది. భవిష్యత్కాలపు భాగమును కబీర్‌లాల్‌గారు తీసిరి. నేటినుండి రాయల నాటికి, అచటినుండి రాబోవు నాటికి పోవునపుడు తెరమీద వెలుగు మారినచో, ప్రేక్షకుడు దానిని అతుకని యెంచలేదు, కాలభేదమని యెంచెను. కష్టకాలమున చేసిన సర్దుబాటు కథకే తోడ్పడినది. ముక్కాలములకు మూడు కన్నులు అమరినవి.

ఇట్లు ఒకరు విడిచిన పనిని మరియొకరు అందుకొనుట మన చిత్రసీమకు క్రొత్త కాదు. మన పల్నాటి కథయే సాక్షి. ‘పల్నాటి యుద్ధము’ను గూడవల్లి రామబ్రహ్మముగారు ఆరంభించి, ముగియకమునుపే 1946లో కన్నుమూసిరి. ఎల్.వి. ప్రసాదుగారు దానిని పూర్తిచేసి 1947లో లోకమున కిచ్చిరి.

కంప్యూటరు బొమ్మలు మన చిత్రశాలలకు చేతికందని కాలమది. ఒకే నటుడు తెరమీద ఇరువురుగా నిలువవలెనన్న పద్ధతి యిది. కటకమున కర్ధభాగము నల్లని అట్టతో మూసి, ఒక పాత్రను పట్టవలెను. పిమ్మట ఫిల్మును లెక్కపెట్టి వెనుకకు త్రిప్పి, మూసిన సగము తెరచి, తెరచిన సగము మూసి, వేషము మార్చుకొనివచ్చిన నటుని మరల పట్టవలెను. లెక్క తప్పినను, కెమెరా వెంట్రుకవాసి కదలినను నడుమ గీత బయటపడును; దినమంతటి శ్రమ బూడిదలో పోసిన పన్నీరు. ఎదుట లేని మనిషి మాటకు నవ్వవలెను, లేని మనిషి కన్నులలోనికి చూడవలెను. ఆలోచింపగా, గడచిన క్షణమును వెనుకకు త్రిప్పి దానిప్రక్కనే మరియొక క్షణమును వ్రాయు ఈ కెమెరాయే అసలు కాలయంత్రము! 1957లో ‘మాయాబజారు’ కొరకు మార్కస్ బార్ట్లీ చూపిన విద్య ఇట్టిదే. ఆ చిత్రమునకు కె.వి. రెడ్డిగారి క్రింద సహాయకులుగా పనిచేసినవారిలో సింగీతముగారు ఒకరు. పరదేశపు ధనమును పరికరములును లేనిదే ఇట్టివి సాగవని నేటికిని నిట్టూర్చువారు ఈ గురుపరంపరను తెలిసికొనవలెను.

యంత్రమునకు రూపమిచ్చినవారు కళాదర్శకులు పేకేటి రంగాగారు. రథమునకు, పల్లకికి, కోటగుమ్మమునకు నమూనా దొరకును. లోకములో లేని వాహనమునకు నమూనా యెచటిది? చూచినవారికి యంత్రమని నమ్మిక కలుగవలెను. బాలురకు ఎక్కి కూర్చుండవలెనని ఆశయు కలుగవలెను. రెండవది సిద్ధించినదనుటకు మేమే సాక్షులము. ఆనాడు బాలురమైన మేము ఎద్దులబండి మీద అరుగుబల్ల బోర్లించి చేసిన యంత్రములకు లెక్క లేదు.

చిత్రము నిర్దోషమని మేమనము. అణుయుద్ధము ముగిసి, జనులు భూగర్భమున బ్రదుకుచుండు 2504వ సంవత్సరపు భాగము మాకు కొంత పలుచగా తోచును. గతమునకు హంపి రాళ్లు, శాసనములు, కవుల మాటలు ఆధారము. భవిష్యత్తునకు ఊహ తప్ప ఆధారము లేదు. ఊహకు ఎంత త్వరగా వయసు మీరునో! విజయనగరపు పాట యొకటి ఇళయరాజాగారు జిక్కిగారిచే పాడించుట మాత్రము మిక్కిలి యుక్తము. 1950ల నాటి ఆ కంఠము వినబడగానే, యంత్రము లేకయే మన పెద్దలు నలువదేండ్లు వెనుకకు పోయిరి.

2025 ఏప్రిల్ 4వ తేదీన ఈ చిత్రమును ఫోర్ కే పద్ధతిని శుభ్రపరచి మరల విడుదల చేసిరి. మన పల్నాడు జిల్లా ఏర్పడి ఆ దినమునకు సరిగా మూడేండ్లు. ఫిల్ము చిరంజీవి కాదు. చెమ్మకు చెడును, రంగు వెలియును. సకాలమున ఎవరో ఒకరు పూనుకొననిచో మూడు కన్నులు చూచినదంతయు ఒక్కనాటితో చీకటియగును.

గుంటూరిలో ఆటచూచి, మా చిన్నవానితో మాచర్ల బస్సెక్కితిమి. ఫిరంగిపురము దాటునపుడు కొండవీటి వరుస కనబడెను. 1515లో రాయలు ముట్టడించి గెలిచిన దుర్గమది. అంతకు ముందేడు వారు పట్టినది సింగీతముగారు పుట్టిన ఉదయగిరి! ఆ దండయాత్రలో రాయల వశమైన దుర్గములుగా శాసనములు పేర్కొను వినుకొండ, బెల్లముకొండ, తంగెడ, నాగార్జునకొండ — అన్నియు మనవే. తెరమీద తాము చూచిన రాజు మన పొలిమేరలలో దండు విడిసెనని మా పిల్లలకు ఏ పాఠమును చెప్పలేదు. కారెమపూడిలో ఏటేట కార్తికమాసమున రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు దినములు వీరుల కొణతములు పట్టి గతమును నడివీధిని నడిపించు జనము మనము. కొండవీటిని చూపుటకు మాత్రము చిన్నవాని భుజము తట్టవలసి వచ్చెను.

మాటలు విని ప్రక్క ఆసనములోని వృద్ధుడొకడు చిన్నవానితో పలుకరించెను. అతనిది నాగార్జునకొండ లోయలోని పుల్లారెడ్డిగూడెము. 1954 మొదలు 1960 వరకు ఆ లోయను త్రవ్వి, ఇక్ష్వాకుల నాటి విహారములను వెలికితీసి, కొన్నింటిని కొండమీదికి, కొన్నింటిని అనుపునకు తరలించి మరల పేర్చిరి. తక్కినదంతయు సాగరుజలములలో మునిగెను. బెల్లముకొండ సీమలో కొల్లూరి వజ్రపు గనులను 17వ శతాబ్దమున తావెర్నియే చూచి, అరువదివేలమంది పనిచేయుచుండిరని వ్రాసెను. ఆ చోటును ఇప్పుడు పులిచింతల నీటి క్రిందనే యున్నది. సాగరు నీటిచే మన పొలములు పండినవి. ఆ మేలును కాదనుట కృతఘ్నత. అయినను, విహారపు ఇటుకలను లెక్కపెట్టి మోసినంత శ్రద్ధతో పుల్లారెడ్డిగూడెపు అరుగులను ఎవరైన కొలిచిరా? ఛాయాచిత్రము తీసిరా?

“మా నాయన ఆ తవ్వకాల్లో కూలికి పోయినోడే బాబూ,” అనెను వృద్ధుడు. “రాళ్లన్నీ పైకి మోసిండ్రు. మా ఇల్లు మాత్రం మోయలేదు. ఆ బొమ్మలో యంత్రం లాంటిది ఉంటే నన్ను ఒక్క పూట అక్కడ దింపి రమ్మను.”

చిన్నవాడు వెంటనే చేయి చాచి, గాలిలో మీట పట్టుకొని, “ఏ సంవత్సరం పెట్టాలి తాతా?” అని అడిగెను.

వృద్ధుడు చాలసేపు ఆలోచించెను. “సంవత్సరం నాకేం తెలుసు నాయనా,” అనెను. “జొన్న కోతకొచ్చింది. మా అమ్మ చేలోనే ఉంది.”

నరసరావుపేట వచ్చెను. మేము దిగితిమి. బస్సు మాచర్ల వైపు సాగిపోయెను.