గెడ్డ దాటిన జీపుకు క్రౌన్ ఆయిలు చూశారా?

పాడేరు: వానలు పడితే ఏజెన్సీలో నాలుగు చక్రాలూ లాగే బండికి ఉండే గిరాకీ మరి దేనికీ ఉండదు. సంతకు పసుపు మూటలు దిగాలన్నా, జ్వరంతో ఉన్న మనిషిని ఆసుపత్రికి చేర్చాలన్నా గెడ్డలో దిగి అవతలి గట్టు ఎక్కేది అదే. అంత చాకిరీ చేసే బండిలో, ఇరుసు మధ్య గుండ్రంగా ఉబ్బి కనిపించే డిఫరెన్షియల్‌ను పట్టించుకునే వారు తక్కువ. ఇంజన్ ఆయిలు మారుస్తారు, హారన్ బాగు చేయిస్తారు. దీని సంగతి వచ్చేసరికి "కారడం లేదు కదా" అని ఊరుకుంటారు.

ఆ పెట్టెలో క్రౌన్, పినియన్ పళ్లు కలిసి ఇంజన్ బలాన్ని చక్రాలకు అందిస్తాయి. 1926లో అమెరికాలో ప్యాకార్డ్ కార్లతో వాడుకలోకి వచ్చిన హైపాయిడ్ పద్ధతిలో పినియన్ సరిగ్గా క్రౌన్ మధ్యకు కాక కాస్త పక్కకు అమరుతుంది. అందువల్ల పళ్లు ఒకదానిపై ఒకటి జారుతూ రాసుకుంటాయి. ఆ ఒత్తిడికి మామూలు నూనె పొర తెగిపోతుంది. గంధకం, భాస్వరం కలిసిన మందులు ఉన్న నూనె అయితేనే పళ్లపై రక్షణ పొర నిలుస్తుంది. డబ్బాపై జి.ఎల్.-5 గుర్తు చూడమనేది ఇందుకే. అలాగని మిగిలిన నూనెను గేరుబాక్సులో పోయకూడదు. జి.ఎల్.-4 వాడమన్న గేరుబాక్సుల్లో ఇత్తడి రింగులు దెబ్బతినవచ్చు.

ఇక చిక్కదనం. 80డబ్ల్యు-90, 85డబ్ల్యు-140 అని రెండు రకాలు ఎక్కువగా దొరుకుతాయి. చివరి అంకె పెద్దదైతే వేడిలో కూడా నూనె చిక్కగా ఉంటుంది. మైదానంలో ఎండకు భారీ బరువులు మోసే బండికి 140 మేలు కావచ్చు గాని, లంబసింగి చలిలో తెల్లవారుజామున కదలాల్సిన బండికి అది బరువే. బండితో వచ్చిన పుస్తకంలో ఏ నంబరు ఉంటే అదే వాడడం క్షేమం.

గెడ్డలు దాటే బండికి అసలు శత్రువు నీరు. ఘాటీ ఎక్కి వేడెక్కిన ఇరుసు చన్నీటిలో మునగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది. ఇరుసు పైన గాలి ఆడడానికి బ్రీదర్ అనే చిన్న గొట్టం ఉంటుంది. అది బురదతో పూడిపోతే ఆయిల్ సీళ్ల సందుల్లోంచి నీటిని లోపలికి గుంజుకుంటుంది. మళ్లీ వేడెక్కినప్పుడు ఇందుకు తలకిందులుగా జరుగుతుంది. వెళ్లే దారి లేని గాలి నూనెను సీళ్ల గుండా చక్రాల వైపు తోస్తుంది. ఆ నూనె బ్రేకు లైనర్లకు అంటితే ఘాటీ దిగేటప్పుడు బ్రేకు పట్టదు. అందులో ఉన్న వారందరి ప్రాణాల మీదికి వచ్చే సంగతి ఇది. పైసా ఖర్చు లేకుండా బ్రీదర్‌ను శుభ్రం చేసుకోవచ్చు.

నూనె మార్చేటప్పుడు బండిని కాసేపు నడిపి, చదును నేలపై ఆపి, చక్రాలకు అడ్డు పెట్టాలి. ముందుగా విప్పవలసింది పక్కనున్న, నూనె పోసే ప్లగ్గు. అడుగు ప్లగ్గు విప్పి నూనెంతా వదిలేశాక పైది తుప్పు పట్టి రాకపోతే బండి అక్కడే నిలిచిపోతుంది! దిగిన నూనె మజ్జిగలా తెల్లబడి ఉంటే నీరు చేరినట్టే. కిలోమీటర్లు చూడకుండా మార్చాలి. అయస్కాంతం ఉన్న ప్లగ్గుకు బూడిదలాంటి మెత్తటి పొడి అంటుకోవడం మామూలే. ఇనుప ముక్కలు కనిపిస్తే మాత్రం పెట్టె విప్పించవలసిందే. కొత్త నూనెను పోసే రంధ్రం కింది అంచు వరకే నింపాలి. "ఇంకో గ్లాసు" అని ఎక్కువ పోస్తే సీళ్ల దగ్గర కారుతుంది.

ముందు ఇరుసుకూ వేరే డిఫరెన్షియల్ ఉంటుంది. దాన్ని మరిచిపోయే వారే ఎక్కువ. జీపు తరహా బండ్లలో ఒక్కొక్క దానికి పట్టే నూనె కొద్ది లీటర్లే. క్రౌన్, పినియన్ జత కొనవలసి వస్తే అయ్యే ఖర్చు దానికి ఎన్నో రెట్లు. పైగా సామాను వచ్చే వరకు బండి షెడ్డులోనే ఉంటుంది, సంత పోతుంది.

పాత నూనెను గెడ్డ ఒడ్డున పారబోసే అలవాటు ఇంకా ఉంది. 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. డబ్బాలో పట్టి మూత పెట్టి, వాడిన నూనె సేకరించే షెడ్డులో ఇవ్వాలి.